చేదు ఫాపర్: ఊరొకటి, పేరొకటి



పోయిన నెల మన వాట్సప్ గుంపులో బెంగుళూరు తమ్ముడొకరు ఒక పిండి ప్యాకెట్టు ఫొటో పెట్టినారు. దాని మీద ‘టార్టరీ బక్వీట్’ అని ఉంది. కింద మూడు ప్రశ్నలు. ఇది ఏ రకం గోధుమ? తెలుగులో దీన్ని ఏమంటారు? తింటే షుగర్ దిగుతుందంటున్నారు, నిజమా? గంటలోపల ఇరవై జవాబులు వచ్చినాయి. ఒకరు గోధుమే అన్నారు, ఒకరు రష్యా రాగి అన్నారు, ఇంకొకరు ఇది తింటే మాత్రలు మానేయవచ్చని ఎక్కడిదో వీడియో పంపినారు. మేము ఆ రోజు నోరు మెదపలేదు. రిటైరైనవాళ్ళకు పొద్దుకు కొదవ లేదు గదా, నిదానంగా చదివి రాద్దామని ఊరుకున్నాము. చదువుతూ పోతే పిండి కంటే దాని పేరే మమ్మల్ని ఎక్కువ పట్టుకుంది. అందుకే ఈ వ్యాసం కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్పి పక్కన పెడతాము. ఈ గింజలో మంచి గుణాలు ఉన్నాయి, వాటి మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అంతమాత్రాన ఇది మందు కాదు. డాక్టరు రాసిచ్చిన మాత్రను వీడియో చూసి మానవద్దు. అంతే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఇది గోధుమ కాదు. వరి, గోధుమ, జొన్న, రాగి, కొర్ర, ఇవన్నీ గడ్డిజాతి మొక్కలు. బక్వీట్ గడ్డిజాతి కాదు. దాని చుట్టరికం మన చుక్కకూరతో. తమిళంలో సుక్కాన్ కీరై అంటామే, అదే కుటుంబం. లేత ఆకును కొండ ఊళ్ళలో కూరగా వండుకుంటారు కూడా. గింజ మూడు పలకలుగా ఉంటుంది. ఐరోపాలో బీచ్ అనే చెట్టుకు కాసే కాయ కూడా మూడు పలకలే గనుక, ‘బీచ్ గోధుమ’ అనే అర్థంలో బక్వీట్ అన్నారు. గోధుమ అనే మాట అలా తోకగా తగులుకుంది.

ఇందులో పండించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి తీపిది. తీపి అంటే చక్కెర తీపి కాదు, చేదు లేనిది అని. ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసంలో పూరీలు చేసుకునే కుట్టు పిండి ఇదే. అన్నం కింద లెక్క రాదు గనుక ఉపవాసానికి పనికొస్తుంది. కుట్టు అంటే మనకు మిషన్ మీద బట్టలు కుట్టడమే గుర్తొస్తుంది, అది వేరే సంగతి. రెండోది చేదుది. కుమావూఁ, గఢ్వాల్ కొండల్లో ఫాఫర్ అంటారు. నేపాల్లో రెండింటికీ ఫాపర్ అనే పేరు పెట్టి, తీపిదాన్ని మిఠే ఫాపర్, చేదుదాన్ని తితే ఫాపర్ అంటారు. తమ్ముడి ప్యాకెట్టులో ఉన్నది ఈ చేదు ఫాపర్. ఇకమీదట తీపిదాన్ని కుట్టు అని, చేదుదాన్ని ఫాపర్ అని రాస్తాము.

తెలుగులో పేరు? వాడుకలో మనదంటూ పేరు లేదు. మన పొలంలో పెరగని పంటకు మన అవ్వలు పేరెందుకు పెడతారు? మన తమిళనాట నీలగిరి, పళని కొండల్లో అక్కడక్కడ బక్వీట్ సాగు ఉన్నట్టు వ్యవసాయ శాస్త్రజ్ఞుల రాతల్లో చూసినాము. కానీ దాని అసలు ఊరు అది కాదు.

అసలు ఊరు ఏది అనేదే ఇక్కడ చిక్కు. ప్యాకెట్టు మీద ‘టార్టరీ’ అని ఉంది గదా. పాతకాలపు ఐరోపావాళ్ళు మధ్య ఆసియా, సైబీరియా వైపున్న విశాలమైన భూమినంతా కలిపి తాతార్ల దేశం అనేవాళ్ళు. మొక్కలకు శాస్త్రీయంగా పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు ‘తాతారికం’ అని పేరు పెట్టినాడు. ఆయనకు తెలిసినంతవరకు అది అటువైపు మొక్క. ఆ పేరు ఈనాటికీ శాస్త్రంలో నిలిచిపోయింది, ప్యాకెట్టు మీదికీ ఎక్కింది.

మేము రైల్వేలో గూడ్స్ షెడ్డులో, పార్సెల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా కాగితాలు రాసినవాళ్ళం. మూటకు కట్టిన చీటీ చూస్తే అది ఏ స్టేషన్లో బుక్ అయిందో తెలుస్తుంది. ఆ సరుకు ఏ ఊరి చేనులో పండిందో చీటీ చెప్పదు. అరక్కోణంలో బుక్ అయిన మామిడిపండ్ల బుట్ట అరక్కోణం పండే అని మేమెప్పుడూ అనుకోలేదు. లిన్నేయస్ రాసింది ఆ బుకింగ్ స్టేషన్ పేరు.

ఈ జాతి పంటకు ఇలా పరాయి పేర్లు తగలడం అంతటా ఉంది. ఫ్రెంచివాళ్ళు కుట్టును ‘సారాసెన్’ అన్నారు, ఇటలీవాళ్ళు సారాసెన్ ధాన్యం అన్నారు. సారాసెన్లు అంటే వాళ్ళ లెక్కలో సముద్రం అవతలి ముస్లిములు. చెక్ భాషలో దీని పేరుకు అన్యమతస్థుల ధాన్యం అని అర్థం వస్తుంది. ఫిన్లాండువాళ్ళు తాతార్ పేరుతోనే పిలిచినారు. రష్యావాళ్ళ మాటలో గ్రీకులు ఉన్నారు. చూడండి, ఎవరికి ఎవరు పరాయివాళ్ళో వాళ్ళ పేరు గింజకు తగిలించినారు. ఆ పేర్లను బట్టి ఆ గింజ పుట్టిన చోటు తెలియదు, పిలిచినవాడు ఎవరిని అనుమానంగా చూసేవాడో తెలుస్తుంది.

ఇది చదివేటప్పుడు మన సంగతి గుర్తుకు రాకుండా ఉంటుందా? తమిళనాట మనల్ని వడుగర్ అన్నారు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళు అని అర్థం. పాత తమిళ గ్రంథాల్లోనే ఆ మాట ఉంది. అందులో తప్పు లేదు, అది దిక్కు చెప్పే మాట. మరి తరాల తరబడి ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి బడిలో తమిళంలోనే చదివిన మాలాంటివాళ్ళను ‘మీ ఊరు ఆంధ్రాలో ఎక్కడ?’ అని అడిగితే ఏం చెప్పాలి? మా ఆఫీసులో ఒకాయన రిటైరయ్యేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. మనిషి మంచివాడే. మేము కోయిల్‌పట్టి అని చెప్తాము, ఆయన నవ్వి, ‘అది సరే, అసలు ఊరు?’ అంటాడు. అటు హైదరాబాదు పోతే మన మాట విని ‘మీరు తమిళులా?’ అంటారు. మా చదువంతా తమిళంలోనే, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర పలక మీద నేర్చుకున్నాము. రెండూ మావే. సరే, ఫాపర్ దగ్గరికి వద్దాము.

దాని నిజమైన పుట్టిల్లు వెదకడానికి చాలాకాలం పట్టింది. 19వ శతాబ్దంలో పంటల పుట్టుక మీద పెద్ద పుస్తకం రాసిన డి కండోల్ కూడా బక్వీట్లను ఉత్తరాన మంచూరియా, అమూర్ నది వైపు చూపించినాడు. అంటే చీటీని నమ్మినాడు. 1990లో జపాన్‌కు చెందిన ఒమి ఒనిషి అనే శాస్త్రజ్ఞుడు చైనాలోని యునాన్ రాష్ట్రంలో, యోంగ్‌షెంగ్ ప్రాంతంలో, కుట్టుకు తాత వరస అయిన అడవి మొక్కను కనిపెట్టినాడు. ఇది ఉత్తర చైనా కాదు, నైరుతి మూల. తరువాత ఫాపర్ అడవి మొక్కలను కూడా పరిశీలించి, దాని పుట్టుక యునాన్, సిచువాన్, టిబెట్ సరిహద్దులు కలిసే కొండలవైపు ఉందని తేల్చినాడు. 2017లో చైనా శాస్త్రజ్ఞులు ఫాపర్ జన్యువుల పటం మొత్తం చదివినారు. 2021లో 510 రకాల ఫాపర్ నమూనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో ముడి విడింది. నైరుతి చైనాలో ఒకసారి, ఉత్తర చైనాలో ఇంకోసారి, విడివిడిగా మనిషి దీన్ని మచ్చిక చేసుకున్నాడని ఆ పరిశోధన చెప్తుంది. కాబట్టి ఉత్తరంవైపు చూపిన పాతవాళ్ళ వేలు పూర్తిగా వట్టిపోలేదు. అయినా తాతార్ల దేశం మటుకు కాదు.

ఈ పంటను నేటికీ తిండిగా, దేవుడి సొమ్ముగా చూసుకునే జనం ఆ నైరుతి మూలలోనే ఉన్నారు. సిచువాన్ రాష్ట్రంలో లియాంగ్‌షాన్ అనే కొండ సీమ. ఆ మాటకు చల్లకొండలు అని అర్థం. అక్కడ యీ జనం ఉంటారు. వాళ్ళలో పెద్ద శాఖ తమను తాము నువోసు అని చెప్పుకుంటుంది. కింద షీచాంగ్ పట్నం చుట్టూ, ఆన్నింగ్ నది లోయలో వరి పండుతుంది, అక్కడ ఎక్కువగా హాన్ చైనీయులు. పైన రెండు వేల మీటర్లు దాటిన కొండల మీద నువోసులు, వాళ్ళ గొర్రెలు, ఓట్లు, ఆలుగడ్డ, ఫాపర్. వరి తినేవాళ్ళు కింద, ఫాపర్ తినేవాళ్ళు పైన. కంచం చూసి కులం చెప్పినట్టు, గింజ చూసి జాతి చెప్పే రోజులు.

నువోసులకు ఫాపర్ పేదరికం గుర్తు కాదు. ధాన్యాలన్నింటిలో దానికి తల్లి వరస ఇస్తారు. పిండిని మందపాటి రొట్టెగా చేసి ఆవిరి మీదో నిప్పుల బూడిదలోనో కాలుస్తారు. చుట్టానికి మాంసం పెద్ద ముక్కలుగా ఉడికించి, పక్కన ఈ రొట్టె పెడతారు. ఎరుపు, పసుపు, నలుపు రంగులు వేసిన కొయ్య గిన్నెల్లో వడ్డన. పెద్దలకు పెట్టే నైవేద్యంలో కూడా ఫాపర్ ఉండాలి. వాళ్ళకు బిమో అనే పూజారులు ఉన్నారు, సొంత లిపి ఉంది, ఆ లిపిలో తరతరాలుగా దింపి రాసుకున్న గ్రంథాలు ఉన్నాయి. వాటిలో ఈ పంట ఎలా పుట్టిందో చెప్పే భాగాలూ ఉన్నాయి. మన దగ్గర తాళపత్రాలు చెదలు తిన్నాక మ్యూజియంకు ఇస్తాము, వాళ్ళు ఇంకా చదువుతున్నారు.

దూరపు కొండలు నునుపు అన్నట్టు రాయకూడదు. ఆ సమాజంలో మెట్టు మీద మెట్టు ఉండేది, పైన దొరల వంశాలు, అడుగున బానిసలు. 1956లో మొదలైన సంస్కరణలతో చైనా ప్రభుత్వం బానిసత్వాన్ని తీసేసింది. ఫాపర్ చేలల్లో వంగి పని చేసినవాళ్ళలో చాలామందికి ఆ పంట మీద హక్కు లేదు. తల్లి ధాన్యం అన్న మాట పాడినవాడు ఒకడు, కోసినవాడు ఒకడు. మన ఊళ్ళలో మాత్రం ఏం తేడా?

పేరు సంగతిలో ఇక్కడ ఒక వింత ఉంది. వీళ్ళను పాతకాలంలో బయటివాళ్ళు లోలో అనేవాళ్ళు, అది చిన్నచూపు మాట అయిపోయింది. చైనా రాతలో వీళ్ళకు వాడిన ‘యీ’ అక్షరానికి అనాగరికులు అనే అర్థం ఉండేది. 1950లలో దాన్ని మార్చినారు. అదే ఉచ్చారణతో ఇంకో అక్షరం ఎంచినారు, దానికి పూజలో వాడే పాత్ర అని అర్థం. ఆ అక్షరం గీతల లోపల బియ్యం గుర్తు ఒకటి, పట్టుదారం గుర్తు ఒకటి ఉన్నాయి. తిండికి, బట్టకు లోటు లేనివాళ్ళు అని శుభం పలికినట్టు. మర్యాదగా మార్చినారు, కాదనలేము. కానీ ఫాపర్ తినేవాళ్ళ పేరులో బియ్యం పెట్టినారు, చూడండి. గౌరవం ఇవ్వాలన్నా వరి గింజతోనే ఇవ్వాలని ఎవరికో తోచింది.

రైలు లేకుండా మా వ్యాసం ఎట్లా ముగుస్తుంది? ఛెంగ్‌డు నుంచి కున్‌మింగ్ దాకా వేసిన రైలు మార్గం ఈ లియాంగ్‌షాన్ గుండా పోతుంది. 1958లో పని మొదలై 1970 జులైలో నడిచింది. సుమారు 1,100 కిలోమీటర్లు, 400కు పైగా సొరంగాలు, వందల వంతెనలు. చదును నేల దొరకక కొన్ని స్టేషన్లను సొరంగంలోనో వంతెన మీదనో కట్టినారు. ప్లాట్‌ఫారం సగం గుహలో ఉంటే పార్సెల్ తూకం ఎక్కడ పెట్టినారో అని మాకు ముందు వచ్చిన ఆలోచన. ఈ మార్గాన్ని దంతంలో చెక్కి 1974లో చైనా ఐక్యరాజ్యసమితికి కానుకగా ఇచ్చింది. ఇప్పుడు పక్కనే వేగంగా పోయే కొత్త లైను కూడా వచ్చింది. అయినా పూషియోంగ్ నుంచి పాన్‌ఝిహువా మధ్య పాత లైను మీద ఒక నిదానపు బండిని ఆపకుండా నడుపుతున్నారు. చాలా తక్కువ టికెట్టు. నువోసు రైతులు మేకలు, కోళ్ళు, పందిపిల్లలు, కూరగాయల గంపలతో ఎక్కి సంతకు పోతారు, పిల్లలు బడికి పోతారు. లాభం చూసుకుంటే ఎప్పుడో ఆగవలసిన బండి. మన వైపు మీటరు గేజి పాసింజరు బండ్లలో పాలక్యాన్లు, కరివేపాకు మూటలు ఎక్కిన రోజులు చూసినవాళ్ళకు దీని విలువ చెప్పనక్కరలేదు.

ఇక చేదు దగ్గరికి వస్తాము. చేదు ఎక్కడిది? ఈ గింజలో రూటిన్ అనే పదార్థం ఉంది. కుట్టులోనూ ఉంది, కానీ ఫాపర్ గింజలో దానికి దాదాపు వంద రెట్లు. రూటిన్ అనే పేరు సదాపాకు మొక్క శాస్త్రీయ నామం ‘రూటా’ నుంచి వచ్చింది. తమిళంలో అరువదా అంటాము, పసిబిడ్డల కోసం పెరట్లో పెంచేవాళ్ళు. 1842లో మొదట ఆ ఆకులోనే దీన్ని కనిపెట్టినారు. 1940లలో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు సన్నని రక్తనాళాలు చిట్లే జబ్బుకు రూటిన్ కావాలని వెదుకుతూ బక్వీట్ మొక్క దగ్గరికి వచ్చినారు.

రూటిన్ దానంతట అది పెద్ద చేదు కాదు. గింజలో దాని పక్కనే, వేరే అరలో, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఒకటి కూర్చుని ఉంటుంది. పిండి పొడిగా ఉన్నంతసేపు రెండూ కలవవు. నీళ్ళు పోసి కలిపినారంటే నిమిషాల్లో ఆ ఎంజైమ్ రూటిన్‌ను విరగగొడుతుంది, అప్పుడు చేదు పుడుతుంది. మన ఆడవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆవాలు నోట్లో వేసుకుంటే మొదట ఏమీ ఉండదు, నీళ్ళు చల్లి నూరితే ముక్కు అదిరిపోతుంది. ఆవపెట్టిన కూరలో జరిగేదీ ఇదే తీరు, పదార్థాలే వేరు. ఆవఘాటును మనం పండగ చేసుకున్నాము. ఫాపర్ చేదును మటుకు లోకం తక్కువ చూసింది.

ఆ గింజకు మాత్రం చేదు ఒక కాపలా. ఇంకో బలం కూడా ఉంది. కుట్టు పువ్వు తెల్లగా, గులాబీగా అందంగా ఉంటుంది, తేనెటీగ రావాలి, ఒక మొక్క పుప్పొడి ఇంకో తీరు పువ్వున్న మొక్కకు చేరాలి, అప్పుడే గింజ పట్టేది. ఈగ రాని ఏడాది పూత పూతగానే రాలిపోతుంది. ఫాపర్ పువ్వు చిన్నది, పచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, ఎవరూ ఫొటో తీయరు. కానీ తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. అందుకే ఈగలు కూడా సరిగా ఎగరని చలి ఎత్తుల్లో, నాలుగు వేల మీటర్ల దాకా, చవక నేలలో, మూడు నెలల చిన్న వేసవిలో చేతికి వచ్చే పంట అయింది. కుట్టు కంటే చలికి బాగా ఓర్చుకుంటుంది. ఇంకేదీ రానిచోట వచ్చింది గనుక తిన్నారు. ఇంకేదీ రానిచోట ఉండేవాళ్ళు తిన్నారు గనుక పేదల తిండి అన్నారు.

మన సంఘం నుంచి కొంతమందిమి బదరీనాథ్ యాత్ర పోయినప్పుడు మాణా ఊరికి నడిచి పోయినాము. టిబెట్ సరిహద్దు వైపు చివరి ఊరు. అక్కడి భోటియా జనం చలికాలం కింది ఊళ్ళకు దిగిపోయి, మంచు కరిగినాక పైకి వస్తారు. ఆ వేసవిలోనే వాళ్ళ ఫాఫర్ సాగు. ఒక ముసలామె ఇంటి ముందర టీ పెట్టి అమ్ముతోంది. లోపల పెనం మీద నల్లగా ఏదో రొట్టె కాలుతుంటే అది పెట్టమని మన మామ ఒకరు అడిగినారు. ఆమె చేయి అడ్డం పెట్టి, ‘అది మా పాత తిండి, మీకు నచ్చదు, మీకు అన్నం వండుతాను’ అని హిందీలో చెప్పింది. ఎంత అడిగినా పెట్టలేదు. చివరికి ఆమె మనవరాలు నవ్వుతూ ఒక ముక్క తుంచి ఇచ్చింది. గట్టిగా ఉంది, చేదుగా ఉంది, నమిలేకొద్దీ బాగుంది. మాలో పెద్దావిడ ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. మాకు తెలుసు ఎందుకో. మా ఇంటికి బడి పంతులు వస్తే మా అవ్వ రాగిసంగటి కుండ మీద చాట బోర్లించి, పక్కింటి నుంచి గ్లాసెడు బియ్యం అప్పు తెచ్చేది. వరగన్నం తిని బడికి పోయిన పిల్లలు అన్నం తిన్నామనే చెప్పేవాళ్ళు.

బియ్యం వచ్చి పాత గింజను మూలకు నెట్టడం హిమాలయం పొడుగునా ఒకే తీరుగా జరిగింది. రేషన్ షాపుల్లో చవక బియ్యం, గోధుమ అందినాయి. కిన్నౌర్‌లో ఆపిల్ తోటలు, బఠాణీలు వచ్చి ఓగ్లా, ఫాఫ్రా చేలు తగ్గినాయి. భూటాన్‌లో బుమ్‌తాంగ్ లోయలు బక్వీట్‌కే పేరు పొందినవి. పుటా అనే సేమ్యాలు, ఖులే అనే దోసెలు అక్కడి తిండి. రోడ్డు పడినాక 1970, 80లలో ఆలుగడ్డ పంట పెరిగింది, దాన్ని మన దేశానికి అమ్మి ఆ డబ్బుతో బియ్యం కొనుక్కున్నారు. ఇందులో రైతును తప్పు పట్టలేము. ఫాపర్ తొక్క గట్టిది, పొట్టు తీయడం కష్టం, అరికెలు దంచిన చేతులకు ఆ కష్టం తెలుసు. మన వరగు ఎందుకు పోయిందో అది కూడా అందుకే పోయింది. మా అవ్వకు బియ్యం చవకగా దొరికి ఉంటే ఆమె కూడా రోకలి పట్టేది కాదు. ఆ కష్టం పడనివాళ్ళం ఇప్పుడు పాత తిండి పోయిందని బాధపడడం సులువు.

తిరిగి మంచి రోజులు వచ్చినట్టు కనిపిస్తోంది. 2018 ఏప్రిల్‌లో మన కేంద్ర ప్రభుత్వం జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరికెలను పోషక ధాన్యాలని గెజిట్‌లో ప్రకటించినప్పుడు, గడ్డిజాతి కాకపోయినా బక్వీట్‌ను కూడా ఆ జాబితాలోనే చేర్చింది. కాబట్టి మన కొర్రకు, ఆ కొండ గింజకు సర్కారు కాగితం మీద ఇప్పుడు ఒకే వరస. చైనాలో వేయించిన నల్ల ఫాపర్ గింజల టీ పెద్ద వ్యాపారం. లియాంగ్‌షాన్ పేరు వేసి పట్నాల్లో అందమైన డబ్బాల్లో అమ్ముతారు. ఆ డబ్బా ధరలో కొండ మీది రైతుకు ఎంత చేరుతుందో డబ్బా మీద రాయరు.

దూరదేశాల సంగతి రెండు మాటల్లో. స్లొవేనియాలో ఈ పంటకు ‘త్సొయ్‌జ్లా’ అని పేరు, విత్తనం తెప్పించిన జోయిస్ అనే దొర పేరు మీదుగా. అమెరికా ఈశాన్యపు చలి ఊళ్ళలో దీన్నే ‘ఇండియా గోధుమ’ అనేవాళ్ళు. చూసినారా, ఇంకో బుకింగ్ స్టేషన్!

జపాన్‌లో పదేళ్ళ పైన అయింది, చేదు లేని ఫాపర్ రకం ఒకటి తీసినారు. పేరు మంతెన్ కిరారి. రూటిన్ నిండుగా ఉంటుంది, దాన్ని విరగగొట్టే ఎంజైమ్ దాదాపు లేదు, కాబట్టి తడిపినా చేదెక్కదు. వందల రకాలు వెదకగా ఆ గుణం ఉన్న గింజ నేపాల్ నుంచి తెచ్చిన నమూనాలో దొరికింది. నేపాల్లోనే ఇంకో రకం కూడా ఉంది, భాతే ఫాపర్ అంటారు. భాత్ అంటే అన్నం. దాని తొక్క పలచన, బియ్యంలాగా సులువుగా పొట్టు ఊడుతుంది. ఏ కొండ ఊళ్ళో ఏ ఆడమనిషి చేట చెరుగుతూ ఆ గింజలను వేరు చేసి దాచిందో, వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ రావు.

బెంగుళూరు తమ్ముడికి ఆఖరు మాట. ఆ పిండిని చపాతీకి కలిపినట్టు చన్నీళ్ళతో కలిపి నానబెట్టవద్దు, చేదెక్కుతుంది. మరిగే నీళ్ళలో పోసి మన సంగటి కెలికినట్టు కెలకండి, వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. నేపాల్‌వాళ్ళు ఢిండో అనేది ఇలాగే చేస్తారు. పక్కన గోంగూరో చింతపండు పులుసో ఉంటే బాగుంటుంది. ఎలా కుదిరిందో గుంపులో రాయండి, ఫొటో కూడా పెట్టండి.